మెరక తోలిన నేల ఎందుకు కుంగుతుంది?



దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టేసిన తరువాత మన డెల్టా గ్రామాలలో మట్టి తోలకం మొదలవుతుంది. చేలు ఆరి, బండ్లు దిగడానికి వీలవుతుంది. ఇల్లు కట్టదలచినవారు పల్లపు స్థలాలను మెరక చేసుకుంటారు. చేపల చెరువులవారు గట్లు ఎత్తు చేసుకుంటారు. కొందరు కళ్ళానికి, కొందరు పశువుల పాకకు, కొందరు ధాన్యం గిడ్డంగికి మట్టి పోయిస్తారు. ఈ పనులలో మన రైతు పెట్టే డబ్బు తక్కువది కాదు. ఒక్కొక్కరికి పదేళ్ళ పంట మిగులు అందులో ఉంటుంది. తీరా రెండు మూడేళ్ళు గడిచేసరికి గోడ బీటలు వారుతుంది, తలుపు పట్టేస్తుంది, గట్టు వంగుతుంది. అప్పుడు మేస్త్రీనో, సిమెంటునో, వాస్తునో తప్పు పడతాం. కింద నేల చేసిన పని ఎవరికీ కనబడదు. ఆ పనిని గురించే ఈ పూట నాలుగు మాటలు చెబుతాను.

ముందుగా ఒక మాట. నేను ఇంజనీరును కాను. వ్యవసాయ డిప్లొమా చదివి, విస్తరణాధికారిగా ఊళ్ళు తిరుగుతున్నవాణ్ణి. పునాది ఎంత లోతు, ఎంత వెడల్పు అన్నదానికి చివరి మాట ఇంజనీరుదే. కాని మట్టి తోలించేటప్పుడు ఇంజనీరును పిలిచే అలవాటు మన ఊళ్ళలో లేదు. సగం నష్టం అక్కడే జరిగిపోతోంది కనుక ఈ సంగతి మీకూ, గ్రామాలలో పనిచేసే నా తోటి కార్యకర్తలకూ తెలిసి ఉండటం మంచిది.

కృష్ణా గోదావరుల డెల్టా నేల అంతా నదులు మోసుకొచ్చి పరచిన ఒండ్రు. సముద్రం దగ్గరగా ఉన్న ఊళ్ళలోనూ, రెండు డెల్టాల మధ్య పల్లంగా ఉన్న కొల్లేటి చుట్టుపక్కలా ఈ ఒండ్రు బాగా మెత్తన. పైన రెండు మూడడుగుల మేర ఎండకు ఆరి గట్టిపడిన పొర ఉంటుంది. నాగలి తిరిగేది, మనం నడిచేది దాని మీదనే. ఆ పొర దాటి తవ్వితే వేలితో నొక్కినా దిగబడే నల్లని బంకమట్టి తగులుతుంది. ఊట బావి తవ్వినవారిని అడగండి, బోరు వేసినవారిని అడగండి, ఎన్ని అడుగుల దాకా ఆ బంక ఉన్నదో, ఎక్కడ ఇసుక తగిలిందో వాళ్ళు చెబుతారు. ఆ రెండు అంకెలూ ముందు మీ దగ్గర ఉండాలి. అవి ఎందుకో తరువాత చెబుతాను.

అటువంటి మెత్తని బంకమట్టి ఒక ఘనపుటడుగు తీసుకుంటే అందులో సగానికి పైగా నీరే. మట్టి రేణువులు కంటికి కనబడనంత చిన్న రేకులు. వాటి మధ్య సందులన్నీ నీటితో నిండి ఉంటాయి. నీటిని ఎంత అదిమినా అది కుదించుకుపోదు. కనుక పైన బరువు పడినప్పుడు ఆ బరువును మొదట మోసేది మట్టి కాదు, ఆ నీరే. ఒత్తిడికి ఆ నీరు బయటకు పోవాలని చూస్తుంది. పోయినంత మేర రేకులు దగ్గరవుతాయి, నేల దిగుతుంది. నీరు పోయేకొద్దీ బరువు మట్టి రేణువుల మీదికి మారుతుంది. పెరుగును గుడ్డలో మూటగట్టి పైన రాయి పెట్టిన ఇల్లాలికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. రాయి పెట్టిన వెంటనే మూట అణగదు. నీరు కారినకొద్దీ అణుగుతుంది, అణిగినకొద్దీ గట్టిపడుతుంది.

అయితే పెరుగు మూట ఒక రాత్రిలో తేలిపోతుంది. బంకమట్టికి ఏళ్ళు పడుతుంది. ఇసుకలో కంటే బంకమట్టిలో నీరు లక్షల రెట్లు మెల్లగా కదులుతుంది గనుక. దమ్ము చేసిన మడిలో నీరు ఇంకకుండా నిలిచేది ఈ గుణం వల్లనే. వరికి ఏది మేలు చేసిందో ఇంటి పునాదికి అదే చిక్కు తెచ్చిపెడుతున్నది.

ఈ లెక్కను మొదట తేల్చినవాడు కార్ల్ టెర్జాగీ అనే ఇంజనీరు. ఇస్తాంబుల్‌లో పాఠాలు చెబుతూ, చిన్న చిన్న పరికరాలతో బంకమట్టి బిళ్ళల మీద బరువులు పెట్టి, అవి ఎంత కాలంలో ఎంత అణుగుతున్నాయో కొలిచాడు. 1925లో పుస్తకం ప్రకటించాడు. ఈనాటికీ ప్రపంచమంతా ఆయన లెక్కనే వాడుతున్నారు. అందులో రైతుకు పనికివచ్చే సంగతి ఒకటున్నది. బంకమట్టి పొర మందం రెట్టింపయితే కుంగడానికి పట్టే కాలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. మట్టి అదే అయినప్పుడు, ఆరడుగుల పొర ఒక ఏడాదిలో సర్దుకుంటే, పన్నెండడుగుల పొరకు నాలుగేళ్ళు, పద్దెనిమిది అడుగుల పొరకు తొమ్మిదేళ్ళు. నీరు పైకి మాత్రమే పోగలిగితే ఇది లెక్క. పొర అడుగున ఇసుక ఉంటే నీరు కిందికీ పోతుంది. అప్పుడు పద్దెనిమిది అడుగుల పొర తొమ్మిది అడుగుల పొరతో సమానం, కాలం నాలుగో వంతుకు తగ్గుతుంది. బంక ఎన్ని అడుగులు, ఇసుక ఎక్కడ అని ఇందాక అడిగి ఉంచుకోమన్నది ఇందుకే. పక్కింటివాడి స్థలం రెండేళ్ళలో నిలకడకు వచ్చింది గదా, మనదీ వస్తుంది అనుకోవడానికి లేదు. వారి కింద ఇసుక ఉండవచ్చు, మీ కింద లేకపోవచ్చు.

ఇక బరువు సంగతి. ఇల్లు బరువు, మట్టి తేలిక అనుకుంటాం. లెక్క చూడండి. తడిసి అణగిన మట్టి ఘనపుటడుగు సుమారు 50 కిలోలు తూగుతుంది. మూడడుగుల మెరక అంటే చదరపు అడుగుకు 150 కిలోలు. అంటే ప్రతి చదరపు అడుగు మీదా రెండు 75 కిలోల ధాన్యం బస్తాలు పెట్టినంత. 5 సెంట్ల స్థలానికి మూడడుగుల మెరక తోలిస్తే పడే బరువు 325 టన్నులు దాటుతుంది. ఒక అంతస్తు ఇటుక గోడల డాబా ఇంటిని, దాని స్థలమంతటా పరచి లెక్కగడితే చదరపు అడుగుకు సుమారు 100 నుంచి 130 కిలోలు. అంటే మీరు కట్టబోయే ఇంటికంటే మీరు తోలించిన మట్టే బరువు! ధాన్యం రాశి అయితే తొమ్మిది అడుగుల ఎత్తు పోస్తేగాని ఆ బరువు రాదు. అయినా మనం గిడ్డంగి గురించి భయపడతాం, మెరక గురించి ఆలోచించం.

పన్నెండడుగుల మెత్తని బంక మీద మూడడుగుల మెరక పోస్తే అది ముప్పాతిక అడుగు, ఒక్కొక్కచోట అడుగు దాకా దిగడం వింత కాదు. మూడడుగులకు డబ్బు ఇచ్చాం, రెండడుగులే మిగిలిందేమిటని రైతు ట్రక్కులవాడితో పోట్లాడతాడు. ట్రక్కులవాడు కొంచెం తక్కువ పోసి ఉండవచ్చు, అది వేరే సంగతి. మట్టి మాత్రం ఎక్కడికీ పోలేదు, దాని కింద నేల దిగింది. మళ్ళీ ఒక అడుగు పోయిస్తే అది కూడా బరువే కనుక, దానికి తగినంత మళ్ళీ దిగుతుంది. ఇది తెలిసి, కావలసిన ఎత్తుకంటే మొదటే ఎక్కువ పోయించుకోవాలి.

కొల్లేటి వైపు ఒక ఊళ్ళో ఒక పెద్దరైతు ఇల్లు చూడటానికి వెళ్ళాను. మాఘంలో మట్టి తోలించారు, ఫాల్గుణంలో శంకుస్థాపన, శ్రావణంలో గృహప్రవేశం. కూతురి పెళ్ళి కొత్త ఇంట్లో చేయాలని తొందర. మూడో ఏటికి ఉత్తరపు గదికీ హాలుకూ మధ్య గోడ కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగిలింది. వేలు దూరుతుంది. ఉత్తరపు గది తలుపు మూసుకోదు.

"ఏవండీ ఆఫీసరు గారూ, సిమెంటులో లోపమంటారా? ఈశాన్యం తగ్గిందని ఒకాయన చెబితే గుమ్మం కూడా మార్పించాను" అన్నారాయన.

"బాబాయి గారూ, ఇల్లు కట్టకముందు ఇక్కడ ఏముండేది?" అని అడిగాను.

దక్షిణాన పాత పుంత రోడ్డు గట్టు ఉండేదట. తాతల నాటిది. బండ్లు తిరిగి తిరిగి రాయిలా అయింది. ఉత్తరాన వరి మడి, దాని పక్కన ఒక పంట బోదె. బోదెను బురదతో పూడ్చి పైన మట్టి తోలారు. అంటే ఇంటిలో సగం, యాభై అరవై ఏళ్ళుగా బరువు మోసి కుంగవలసినదంతా కుంగిపోయిన నేల మీద కూర్చున్నది. మిగతా సగం నిన్న మొన్న బరువు ఎక్కిన నేల మీద ఉన్నది. ఇల్లంతా ఒక్క తీరుగా ఆరు అంగుళాలు దిగినా గోడకు పెద్ద బాధ ఉండదు. ఒక మెట్టు తక్కువవుతుంది, అంతే. ఒక పక్క దిగి ఒక పక్క దిగకపోతే ఒకటి రెండు అంగుళాల తేడాకే గోడ చీలుతుంది. ఆ ఇంటికి జరిగింది అదే. గుమ్మం మార్పించిన ఖర్చు ఎందుకూ కొరగాలేదు. పెళ్ళి మాత్రం ఆ హాల్లోనే బాగా జరిగిందని సంతోషంగా చెప్పారు.

కాబట్టి స్థలం కొనేటప్పుడూ, మెరక చేసేటప్పుడూ ఊళ్ళో పెద్దవారిని అడగండి. ఇక్కడ చెరువు ఉండేదా, బోదె ఉండేదా, గట్టు ఉండేదా? పూడ్చిన బోదె మీద, పాత గట్టు మీద కలిపి ఒకే ఇల్లు వేయకండి. తప్పనప్పుడు ఇంజనీరుకు ఆ సంగతి ముందే చెప్పండి. కట్టిన ఇంటికి నాలుగైదేళ్ళ తరువాత పక్కన వంటగదో వరండానో కలిపేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. పాత ఇల్లు దిగవలసింది చాలావరకు దిగింది, కొత్త గది ఇప్పుడే దిగడం మొదలుపెడుతుంది. రెండు గోడలనూ పళ్ళు పళ్ళుగా కలిపి కడితే అతుకు దగ్గర చీలిక తప్పదు. మధ్యన సందు వదలి కట్టడమే మేలు.

ఇక్కడ ఒక అనుమానం తీర్చాలి. నల్లరేగడి నేలలలో కూడా ఇళ్ళు పగులుతాయి. అది వేరే జబ్బు. తెలంగాణలో, గుంటూరు మెట్టలో, కర్నూలు వైపు రేగడి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. ఏటేటా పైకీ కిందికీ కదులుతుంది. నేను చెప్పే మెత్తని బంక ఒక్క కిందికే పోతుంది, రోజులు గడిచేకొద్దీ నెమ్మదిస్తుంది. రెండింటికీ మందు ఒకటి కాదు. అట్లాగే ట్రాక్టరు తిరిగి చేలో గట్టిపొర ఏర్పడటం కూడా వేరు. అక్కడ ముఖ్యంగా నేలలోని గాలి పోతుంది, అది అప్పటికప్పుడే జరుగుతుంది. దిమ్మిసతో కొట్టినా, రోలరు తిప్పినా తోలిన మట్టి గట్టిపడుతుంది గాని, పదడుగుల లోతున ఉన్న బంకలోని నీరు బయటకు రాదు. పైన దిమ్మిస కొట్టించాం గనుక ఇక కుంగదు అనుకునేవారు చాలామంది ఉన్నారు. దిమ్మిస వేయండి, అది అవసరమే. కాని దానితో పని అయిపోయిందనుకోవద్దు.

చేపల చెరువులవారికి మరొక ప్రమాదం ఉన్నది. మెత్తని నేల మీద బరువు ఒక్కసారిగా వేస్తే అది కుంగేదాకా ఆగదు, పక్కకు జారిపోతుంది. నీరు ఇంకా బయటకు పోలేదు, మట్టికి బలం రాలేదు, బరువు మాత్రం వచ్చేసింది. పొక్లెయిన్ తెచ్చి వారం రోజులలో ఎనిమిదడుగుల గట్టు లేపుతారు. గట్టు పైన పొడుగునా సన్నని బీట కనబడుతుంది. గట్టు పాదం దగ్గర నేల ఉబ్బి పైకి లేస్తుంది. ఈ రెండూ కనబడిన క్షణాన పని ఆపేయాలి. బీటలో మట్టి పోసి ఎత్తు సరిచేద్దామని చూస్తే ఉన్న బరువుకు ఇంకా బరువు ఎక్కించినట్టే. రాత్రికి రాత్రి గట్టు కూర్చుండిపోతుంది. చెరువులో నీరు, చేప ఉంటే ఆ నష్టం చెప్పనలవి కాదు. పై నుంచి కొంత మట్టి దించి పాదం దగ్గర, బయటి వైపు వేయడం అప్పటికి చేయదగిన పని.

గట్టును విడతలుగా లేపాలి. మొదట మూడడుగులు వేసి ఒక వేసవీ ఒక వర్షాకాలమూ గడవనిచ్చి, తరువాత మరి రెండడుగులు, ఆ పైన మిగతాది. కుంగిన నేల బలపడుతుంది, బలపడిన నేల తరువాతి బరువును మోస్తుంది. గట్టుకు మట్టి తీసే గుంతను పాదానికి ఆనించి తవ్వవద్దు. ఎండిన పైపొరే ఆ నేలకు బలం. దాన్ని గట్టు పక్కనే కోసేస్తే అడుగున బురద పక్కకు పోవడానికి దారి చేసినట్టే. గట్టు ఎత్తుకు తక్కువ కాకుండా దూరం వదలండి. ఇదంతా సొంత భూమిలో, అనుమతి ఉన్నచోట చేసే చెరువులకు చెబుతున్న మాట. 1999లో ప్రకటించిన కొల్లేరు అభయారణ్యం హద్దులలో చెరువు తవ్వడానికి చట్టం ఒప్పదు.

విడతల వల్ల లాభం ఎంతటిదో చూపడానికి ఇటలీలో పీసా గోపురం ఉన్నది. ఒరిగిన గోపురంగా దాని బొమ్మ మీరు చూసే ఉంటారు. దాని కింద కూడా మెత్తని బంకమట్టే. 1173లో పునాది వేశారు. కొన్ని అంతస్తులు లేచాక పని ఆగిపోయింది, సుమారు నూరేళ్ళు ఆగింది. 1272లో మళ్ళీ మొదలుపెట్టి కొన్నేళ్ళు కట్టి మళ్ళీ ఆపారు. పై గంటల గది పద్నాలుగో శతాబ్దం రెండో సగంలో గాని పూర్తికాలేదు. ఆగిన ఆ ఏళ్ళలో కింద బంకలోని నీరు పిండుకుపోయి మట్టి బలపడింది. ఒక్క ఊపున కట్టి ఉంటే ఆనాడే పడిపోయేదని దాన్ని పరీక్షించిన ఇంజనీర్లు తేల్చారు. 1990లో గోపురాన్ని మూసి, ఎత్తుగా ఉన్న వైపు అడుగున మట్టిని కొంచెం కొంచెంగా తీసి, ఒరుగుడు కాస్త తగ్గించి 2001లో తెరిచారు. మన గట్టుకు నూరేళ్ళు అక్కరలేదు, రెండు మూడేళ్ళ ఓపిక చాలు.

బరువు పైనుంచే రావాలని లేదు. బోర్లతో నీరు తోడి నేలలో నీటిమట్టం ఒక అడుగు దించితే, అడుగునున్న బంక మీద చదరపు అడుగుకు సుమారు 28 కిలోల అదనపు బరువు పడినట్టే. పాత సరస్సు బురద మీద కట్టిన మెక్సికో నగరంలో ఊరంతా భూగర్భ జలం తోడగా, కొన్నిచోట్ల నేల 9 మీటర్ల దాకా దిగిపోయింది. మన ఫిల్టరు పాయింట్లు ఇసుక పొరల నుంచి నీరు తీసినా, ఆ ఇసుకకు ఆనుకున్న బంక కూడా మెల్లగా నీరు వదులుతుంది. ఈ సంగతి గుర్తులో ఉంచుకోండి.

ఇప్పుడు ఇల్లు కట్టదలచినవారు చేయవలసిన పని. మట్టి ఈ వేసవిలో తోలించండి, ఇల్లు మాత్రం రెండో వేసవికో మూడో వేసవికో కట్టండి. తోలేముందు, దొరికే చోట అర అడుగు ఇసుక పరచి దాన్ని పక్క మురుగు కాలువకు కలిపితే పిండుకొచ్చే నీటికి దారి దొరుకుతుంది. మీకు అవసరమైన మెరక కంటే ఒకటి రెండడుగులు ఎక్కువ పోసి ఉంచండి. ఆ అదనపు మట్టి ఇంటికి బదులుగా నేలను ముందే అదుముతుంది. ఇల్లు కట్టేటప్పుడు దాన్ని తీసి దొడ్డిలో వాడుకోవచ్చు. ఓడరేవులలో, పెద్ద రోడ్ల కింద ఇదే చేస్తారు. అక్కడ నీరు త్వరగా రావడానికి నిలువునా ఇసుక గొట్టాలో ప్లాస్టిక్ పట్టీలో దించుతారు. మనకు అంత ఖర్చు అక్కరలేదు. ఆ రెండేళ్ళూ స్థలం ఖాళీగా ఉండనక్కరలేదు. కళ్ళానికి వాడుకోండి, గడ్డివాము వేసుకోండి, బెండ, గోంగూర వేసుకోండి.

ఎప్పటికి నిలకడ వచ్చిందో ఊహతో కాదు, కొలిచి తెలుసుకోవాలి. మట్టి తోలకముందే అసలు నేల మీద అడుగున్నర చదరపు నాపరాయినో ఇనుప రేకునో పరచి, దాని మీద నిలువుగా గట్టిగా బిగించిన గొట్టం నిలబెట్టండి. చుట్టూ మట్టి పోసినా గొట్టం కొన పైకి కనబడాలి. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ళ గొట్టంతో, దూరాన కదలని గుర్తుకు, కాలువ తూము రాతికట్టుకో పాత గుడి అరుగుకో, సరిచూసి నెలకొకసారి కొలవండి. మొదటి నెలలో ఎంత దిగిందో నాలుగు నెలలకు దానికి సుమారు రెట్టింపు, తొమ్మిది నెలలకు మూడు రెట్లు దిగుతుంది. మొత్తం కుంగుడులో సగానికి ఆరు నెలలు పడితే, పదింట తొమ్మిది వంతులకు రెండేళ్ళ పైన పడుతుంది. మూడు నాలుగు నెలలు వరుసగా కొలిచినా తేడా దారమంత ఉంటే, అప్పుడు ఇంజనీరుకు ఆ నోటుపుస్తకం చూపించి పునాది తీయండి.

ఆగలేనివారు, బరువైన మేడ కట్టేవారు లోతుకు దిగే పునాదులు వేసుకోక తప్పదు. సరుగుడు బాదులు దిగగొట్టే పద్ధతి మన కోస్తాలో ఉన్నదే. ఆ కర్ర ఎప్పుడూ నీటిమట్టం కింద మునిగి ఉంటే చాలాకాలం నిలుస్తుంది. తడిసి ఆరుతూ ఉండే చోట కుళ్ళిపోతుంది. అందుచేత వేసవిలో నీరు ఎంత లోతుకు పోతుందో చూసి బాదు తల దానికి దిగువన ఉండేటట్టు కొట్టించాలి.

ఇప్పటికే పగిలిన ఇళ్ళ సంగతి కొందరు రైతులు అడుగుతున్నారు. పగిలిన వెంటనే సిమెంటు పూసి సున్నం కొట్టవద్దు. నేల ఇంకా దిగుతూ ఉంటే అది మళ్ళీ విడుతుంది. బీట మీద అడ్డంగా రెండంగుళాల వెడల్పున ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ ఒకటి వేసి, దాని మీద తేదీ రాయండి. పట్టీ చిట్లితే నేల ఇంకా కదులుతున్నట్టు. పక్కనే మరొకటి వేసి ఆ తేదీ రాయండి. రెండు వర్షాకాలాలు, రెండు వేసవులు పట్టీ చెక్కుచెదరకుండా ఉంటే అప్పుడు మేస్త్రీని పిలవండి. బీట వేలు దూరేంత అయినా, గోడ నిలువు తప్పినా ఆ గదిలో పడుకోవద్దు, ఇంజనీరును పిలిపించి చూపండి.